వాట్సాప్‌లో ఏది దాగుతుంది, ఏది దాగదు: గద్వాల నుంచి ఒక చీరల వ్యాపారి రాసిన గైడ్

నేను గద్వాలలో చీరలు అమ్ముతాను. ఇంట్లో మగ్గం ఉంది. రాజోలి, ఐజ వైపు నేసేవాళ్ల దగ్గర కూడా తీసుకుంటాను. దుకాణం అంటూ వేరే లేదు. ముందు గదిలో ఒక బీరువా, చేతిలో ఒక ఫోన్, అంతే. కర్నూలు, మహబూబ్‌నగర్, హైదరాబాద్ మొదలుకొని అమెరికాలో ఉన్న ఆడపిల్లల దాకా అందరూ వాట్సాప్‌లోనే చీర చూస్తారు. అంచు దగ్గరగా ఫోటో తీసి పెట్టమంటారు, బేరమాడతారు, అడ్రస్ పంపుతారు.

అడ్రస్‌తో ఆగదు. కూతురి ఫోటో పెట్టి "ఈ రంగు మా పాపకు నప్పుతుందా అక్కా" అని అడుగుతారు. పెళ్లిచూపులు ఉన్నాయని, ఇంకా చుట్టాలకు చెప్పలేదని రాస్తారు. డబ్బులు రెండు విడతల్లో ఇస్తాను, ఈ సంగతి మా ఆయనకు తెలియకూడదు అంటారు. ఇవన్నీ నన్ను నమ్మి రాసినవి. ఆ మాటలు నా ఫోన్ దాటి ఎక్కడికి పోతున్నాయో, ఎవరికి పనికొస్తున్నాయో తెలుసుకోవడం నా బాధ్యత అనుకుని వివరాలన్నీ చదివాను, సెట్టింగులన్నీ ఒక్కొక్కటిగా చూశాను. మీరు చీరలు అమ్మకపోయినా, మీ ఫోన్‌లో కూడా ఇలాంటి నమ్మకాలు చాలా ఉంటాయి. అందుకే రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి

సెట్టింగుల జోలికి వెళ్లేముందు, మనం పైసా కట్టని యాప్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలి. అది తెలిస్తే ఏ సెట్టింగ్ ఎందుకు మార్చాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాట్సాప్‌ను 2009లో జాన్ కూమ్, బ్రయాన్ యాక్టన్ మొదలుపెట్టారు. ఇద్దరూ అంతకుముందు యాహూలో పనిచేసినవాళ్లు. యాప్‌లో ప్రకటనలు ఉండకూడదని పట్టుబట్టారు. ఖర్చుల కోసం ఏడాదికి ఒక డాలర్ చందా పెట్టారు. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అప్పటికి వాట్సాప్ వాడేవాళ్లు సుమారు 45 కోట్లమంది. ఇంతమంది ఏడాదికి ఒక్కో డాలర్ ఇచ్చినా ఆ పెట్టుబడి తిరిగి రావడానికి నలభై ఏళ్లు దాటుతుంది. 2016 జనవరిలో ఆ చందా కూడా ఎత్తేశారు. చందా లేకుండా అంత డబ్బు ఎలా రాబడతారు అన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు అదే ఏడాది ఆగస్టులో కనపడింది. వాట్సాప్ ఖాతా వివరాలను ఫేస్‌బుక్‌తో పంచుకునేలా ప్రైవసీ పాలసీ మార్చారు. కొనేటప్పుడు మాత్రం యూరోపియన్ యూనియన్ పాలన చూసే యూరోపియన్ కమిషన్‌కు వేరే మాట చెప్పారు. వాట్సాప్ ఖాతా ఎవరిదో, ఫేస్‌బుక్ ఖాతా ఎవరిదో నమ్మకంగా జతచేయడం కుదరదన్నారు. కుదురుతుందని 2014లోనే కంపెనీకి తెలుసని తేల్చి, తప్పుదారి పట్టించే సమాచారం ఇచ్చినందుకు కమిషన్ 2017 మేలో 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. యాక్టన్ ఆ ఏడాదే కంపెనీ వదిలి వెళ్లిపోయాడు, తర్వాతి ఏడాది కూమ్ కూడా. యాక్టన్ తన సొంత డబ్బు 5 కోట్ల డాలర్లు పెట్టి, సిగ్నల్ అనే ఇంకో మెసేజ్ యాప్‌ను నడిపే సిగ్నల్ ఫౌండేషన్‌ను నిలబెట్టాడు. యాప్‌ను కట్టినవాడే వేరే దారి చూసుకున్నాడంటే మనం కూడా కాస్త ఆగి ఆలోచించాలి.

ఫేస్‌బుక్ కంపెనీ పేరు ఇప్పుడు మెటా. 2024లో దాని మొత్తం ఆదాయం 16,450 కోట్ల డాలర్లు. అందులో 16,000 కోట్లు ప్రకటనల మీద వచ్చినవే. వాట్సాప్ ఆ యంత్రంలో ఒక భాగం. బ్యాంకులు, కొరియర్ కంపెనీలు, పెద్ద షోరూములు మనకు పంపే మెసేజ్‌లకు అవి వాట్సాప్‌కు డబ్బు కడతాయి. ఆఫర్ మెసేజ్‌కు ఒక రేటు, ఓటీపీకి ఇంకో రేటు. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో ప్రకటన నొక్కితే నేరుగా వాట్సాప్ చాట్ తెరుచుకుంటుందే, దానికి ప్రకటన ఇచ్చినవాళ్లు కడతారు. 2025 జూన్ నుంచి స్టేటస్‌ల మధ్య ప్రకటనలు చూపించడం కూడా మొదలుపెట్టారు.

ప్రకటన ఇచ్చేవాళ్ల వైపు నుంచి చూస్తే

నేను కూడా దసరాకు ముందు అలాంటి ప్రకటన ఇస్తుంటాను. కాబట్టి ఆ తెర ఎలా ఉంటుందో చెప్పగలను. చీర ఫోటో పెట్టాక, ఎవరికి చూపించాలి అని అడుగుతుంది. ఊరు, వయసు, ఆడవాళ్లా మగవాళ్లా, దేనిమీద ఇష్టం ఉన్నవాళ్లు, ఇవన్నీ నేను ఎంచుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉండే, ముప్పై దాటిన, చేనేత అంటే ఇష్టపడే ఆడవాళ్లు అంటే చాలు, రోజుకు ఎన్ని వందలు పెడితే ఎంతమందికి చేరుతుందో అంచనా వేసి చూపిస్తుంది. నాకు వాళ్ల పేర్లు తెలియవు. మెటాకు మాత్రం తెలుసు. అది అమ్మేది అదే. మనుషుల పేర్లు బయట పెట్టకుండా, వాళ్లను సరిగ్గా వెతికి పట్టుకునే శక్తిని అద్దెకిస్తుంది.

అదే చోట ఇంకో సదుపాయం ఉంది. నా కస్టమర్ల ఫోన్ నంబర్ల జాబితా ఎక్కిస్తే, ఆ నంబర్లకు సరిపోయే ఫేస్‌బుక్ ఖాతాలు వెతికి వాళ్లకు నా ప్రకటన చూపిస్తుంది. వాళ్లలాంటి గుణాలున్న కొత్తవాళ్లను కూడా వెతికిపెడుతుంది. నంబర్లను గుర్తుపట్టలేని రూపంలోకి మార్చాకే పోల్చి చూస్తామని కంపెనీ చెబుతుంది. అయినా నేను ఆ జాబితా ఎక్కించను. చీర కోసం ఇచ్చిన నంబర్ అది, ఇంకో పనికి వాడమని ఎవరూ నాకు చెప్పలేదు. చాలా పెద్ద షాపులు ఎక్కిస్తాయి. బిల్లు కౌంటర్ దగ్గర "ఫోన్ నంబర్ చెప్పండి మేడమ్" అని ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమవుతుంది. నంబర్ ఇవ్వకపోతే బిల్లు వేయం అని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో దుకాణాలకు సూచించింది. మొహమాటపడకుండా "నంబర్ ఇవ్వనండి, బిల్లు వేయండి" అనండి. ఈ గైడ్‌లో మొదటి పని ఇదే, దీనికి ఫోన్ తీయనక్కర్లేదు.

"మేం చీర గురించి మాట్లాడుకున్నాం, వెంటనే చీర ప్రకటన వచ్చింది, వాట్సాప్ మన మాటలు వింటోంది" అని చాలామంది నాతో అంటారు. వినాల్సిన అవసరమే లేదు. ఆ పాప ముందురోజు ఇన్‌స్టాలో ఒక గద్వాల చీర రీల్ దగ్గర ఆగి ఉంటుంది. ఒక బట్టల వెబ్‌సైట్ తెరిచి ఉంటుంది, ఆ సైట్‌లో మెటా పిక్సెల్ అనే చిన్న కోడ్ ఉండి, ఎవరు ఏ చీర చూశారో మెటాకు చెప్పి ఉంటుంది. ప్రకటనకు అది చాలు.

తాళం దేనికి, దేనికి కాదు

2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్‌లు, కాల్స్, ఫోటోలు అన్నిటికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. పంపినవాళ్ల ఫోన్‌లో తాళం పడి, అందుకున్నవాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో కంపెనీ కూడా చదవలేదు. సిగ్నల్ వాళ్లు తయారుచేసిన పద్ధతినే ఇందులోనూ వాడారు. అది నిజం, మంచిది కూడా. వాట్సాప్ మన మెసేజ్‌లు చదివేస్తుంది అని భయపెట్టే ఫార్వర్డ్‌లను నమ్మకండి.

తాళం పడేది మాటకు మాత్రమే. వీధి అరుగు మీద కూర్చునే పెద్దమ్మకు మన ఇంట్లో మాటలు వినపడవు. ఎవరు వచ్చారు, ఎంతసేపున్నారు, ఏ వేళకు వెళ్లారు అన్నీ ఆమెకు తెలుసు, వాటిని బట్టి సగం సంగతి ఊహించగలదు. వాట్సాప్ దగ్గర ఉండేది కూడా అలాంటి సమాచారమే. ప్రైవసీ పాలసీ తెరిచి చదివితే వాళ్లే రాసి ఉంచారు: మన నంబర్, అనుమతి ఇస్తే మన కాంటాక్టుల్లోని నంబర్లు, ఫోన్ మోడల్, బ్యాటరీ ఎంత ఉంది, సిగ్నల్ ఎంత ఉంది, ఏ నెట్‌వర్క్, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన ఫోన్‌కు ఉండే చిరునామా), ఎప్పుడెప్పుడు వాడతాం, గ్రూపుల పేర్లు, ప్రొఫైల్ ఫోటో. ఐపీ అడ్రస్‌ను బట్టి మనం ఏ ఊళ్లో ఉన్నామో సుమారుగా తెలుస్తుంది.

గ్రూపు పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లోపలి మెసేజ్‌లకు తాళం ఉంటుంది, పేరుకు, డిస్క్రిప్షన్‌కు ఆ తాళం లేదు. మా వైపు సీడ్ పత్తి రైతులు ఆర్గనైజర్ పేరు, కంపెనీ పేరు, ఊరి పేరు కలిపి గ్రూపు పెడతారు. ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లు జబ్బు పేరుతో గ్రూపు పెట్టుకుంటారు. జబ్బు పేరు, అప్పు సంగతి, పార్టీ పేరు గ్రూపు పేర్లలో పెట్టకండి. "మన గ్రూప్" అంటే సరిపోతుంది.

ఇక ఫోన్ తీయండి

మొట్టమొదట టూ స్టెప్ వెరిఫికేషన్. సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్. ఆరు అంకెల పిన్ పెట్టాలి. ఓటీపీ ఎవరైనా మాయచేసి లాక్కున్నా ఈ పిన్ లేకుండా మన ఖాతా వాళ్ల ఫోన్‌లో తెరుచుకోదు. ఈమెయిల్ కూడా ఇవ్వండి, పిన్ మర్చిపోతే పనికొస్తుంది. పుట్టిన తేదీని పిన్‌గా పెట్టకండి, అది మీ స్టేటస్‌లో ప్రతి ఏడాదీ కేక్‌తో సహా కనపడుతుంది.

తర్వాత మూడు చుక్కలు నొక్కి లింక్డ్ డివైసెస్ చూడండి. మీ ఖాతా ఏయే కంప్యూటర్లలో తెరిచి ఉందో అక్కడ కనపడుతుంది. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయడానికి వాట్సాప్ వెబ్ తెరిచి, లాగౌట్ చేయకుండా వచ్చేసేవాళ్లు మన దగ్గర చాలామంది. గుర్తుపట్టలేనిది ఏది ఉన్నా నొక్కి లాగౌట్ చేయండి. ఇకమీదట ప్రింట్ కావాలంటే ఆ ఒక్క ఫైలు షాపు ఈమెయిల్‌కు పంపండి. ఎవరైనా ఫోన్‌లో ఒక కోడ్ చెప్పి "ఇది మీ వాట్సాప్‌లో కొట్టండి" అంటే అస్సలు కొట్టకండి. అది వాళ్ల కంప్యూటర్‌ను మీ ఖాతాకు జతచేసే కోడ్.

ప్రైవసీలో గ్రూప్స్ అని ఉంటుంది. అందులో ఎవ్రీవన్ తీసేసి మై కాంటాక్ట్స్ పెట్టండి. అలా చేయకపోతే మీ నంబర్ దొరికిన ఎవరైనా మిమ్మల్ని షేర్ మార్కెట్ గ్రూపులోకో, లోన్ గ్రూపులోకో లాగేస్తారు. గ్రూపులోకి వెళ్లామంటే అందులో ఉన్న వందలమందికి మన నంబర్ ఇచ్చినట్టే. ప్రొఫైల్ ఫోటో, లాస్ట్ సీన్, అబౌట్ కూడా మై కాంటాక్ట్స్ చేయండి. ఆడపిల్లల ఫోటో డీపీగా పెట్టుకున్న తల్లులకు ఇది గట్టిగా చెబుతున్నాను, ఎవ్రీవన్ అని ఉంటే నంబర్ తెలిసిన ఎవరికైనా ఆ ఫోటో కనపడుతుంది.

సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేయండి. తెలియని నంబర్ల కాల్స్ మోగవు, లిస్టులో మాత్రం కనపడతాయి. వ్యాపారం చేసేవాళ్లకు ఇది కుదరదు, నేను ఆఫ్‌లోనే ఉంచాను. దాని కింద అడ్వాన్స్‌డ్‌లో ప్రొటెక్ట్ ఐపీ అడ్రస్ ఇన్ కాల్స్ ఉంది, అదీ ఆన్ చేయండి.

బ్యాకప్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది ఇదే. ఫోన్‌లో అన్ని మెసేజ్‌లకూ తాళం ఉందని మనం నిశ్చింతగా ఉంటాం. రోజూ తెల్లవారుజామున ఆ మెసేజ్‌ల కాపీ గూగుల్ ఖాతాలోకి వెళ్తుంది. మామూలుగా ఉంచితే ఆ కాపీకి మన చేతిలో ఉండే తాళం పడదు. 2021 నుంచి ఆ కాపీకి కూడా తాళం వేసుకునే వీలు ఇచ్చారు, కానీ మనమే ఆన్ చేయాలి. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇది మర్చిపోతే వాట్సాప్ గానీ గూగుల్ గానీ తిరిగి ఇవ్వలేవు, పాత మెసేజ్‌లు పోయినట్టే. అందుకే కాగితం మీద రాసి, పట్టాదారు పాస్‌బుక్ పెట్టేచోట పెట్టండి. ఇంకో సంగతి, మీరు తాళం వేసినా, అవతలివాళ్లు వేయకపోతే ఆ సంభాషణ వాళ్ల బ్యాకప్‌లో తాళం లేకుండా ఉంటుంది. ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఈ పని చేస్తేనే ఫలితం.

నిజంగా దాచాల్సిన సంగతులకు, గడువు దాటితే వాటంతటవే చెరిగిపోయే డిసప్పియరింగ్ మెసేజెస్ పెట్టుకోండి. ఒక రోజు, వారం, తొంభై రోజులు అని మూడు గడువులు ఉంటాయి. చీర చేరి, డబ్బు ముట్టాక కస్టమర్ ఇంటి అడ్రస్ నా ఫోన్‌లో ఏళ్ల తరబడి ఉండాల్సిన పనిలేదు. ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ ఫోటో పంపక తప్పకపోతే, ఒక్కసారి చూడగానే మాయమయ్యే వ్యూ వన్స్‌లో పంపండి. అయినా వేరే ఫోన్‌తో ఫోటో తీసుకునేవాళ్లను ఏ సెట్టింగూ ఆపలేదు.

మెటా ఏఐ అనే నీలం రంగు గుండ్రం ఇప్పుడు వాట్సాప్‌లోనే ఉంటుంది. దానితో మాట్లాడేది మనిషితో మాట్లాడినట్టు కాదు. అవతల ఉన్నది కంపెనీ, కాబట్టి ఆ మాటలు కంపెనీకి చేరతాయి. ఏఐతో మాట్లాడినవాటిని ప్రకటనలు ఎంచడానికి వాడతామని మెటా 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. వంట, ఇంగ్లీషు లెటర్ లాంటివి అడగండి. ఒంట్లో బాగోలేని సంగతి, అప్పులు, ఇంటి గొడవలు దానికి చెప్పకండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టా వైపు తలుపులు

అకౌంట్స్ సెంటర్ అని ఒకటుంది. అందులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాలతో పాటు వాట్సాప్‌ను కూడా కలపమని మెల్లగా అడుగుతుంటుంది. కలపకండి. స్టేటస్‌లో వచ్చే ప్రకటనలకు మన ఊరు, భాష, మనం ఫాలో అయ్యే ఛానళ్లు వాడతామని మెటా చెప్పింది. అకౌంట్స్ సెంటర్‌లో కలిపితే ఫేస్‌బుక్, ఇన్‌స్టాలోని మన ఇష్టాయిష్టాలు కూడా తోడవుతాయి. స్టేటస్ సులువుగా షేర్ అవుతుందన్న ఒక్క సౌకర్యం కోసం ఇంత ఇచ్చుకోనక్కర్లేదు.

ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో అదే అకౌంట్స్ సెంటర్ తెరిచి, యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్ కింద బయటి వెబ్‌సైట్లు, యాప్‌లు మన గురించి పంపిన చిట్టా చూడవచ్చు. తెరిచి చూడండి. ఏ షాపింగ్ యాప్, ఏ లోన్ యాప్ మన పేరు మీద సమాచారం పంపిందో వరుసగా కనపడుతుంది. క్లియర్ చేయండి, ఇకమీదట కలపొద్దు అన్న ఆప్షన్ కూడా ఎంచుకోండి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కోపం తెప్పించింది ఆ చిట్టానే.

ఆఫర్ మెసేజ్‌లతో విసిగించే వ్యాపారాలను ఊరికే వదిలేయకుండా బ్లాక్ చేయండి. ఎక్కువమంది బ్లాక్ చేస్తే వాట్సాప్ దగ్గర ఆ వ్యాపారం రేటింగ్ పడిపోతుంది, ఎక్కువ మెసేజ్‌లు పంపే వీలు తగ్గుతుంది. రిపోర్ట్ కూడా చేయవచ్చు. రిపోర్ట్ చేస్తే వాళ్లు పంపిన చివరి ఐదు మెసేజ్‌లు వాట్సాప్‌కు వెళ్తాయని గుర్తుంచుకోండి.

ఏపీకే ఫైళ్లు

ఇది మెటా చేసే పని కాదు, దొంగలు చేసేది. కానీ మన ఊళ్లలో ఎక్కువ డబ్బు పోతున్నది ఇక్కడే కాబట్టి వదలలేను. పీఎం కిసాన్ అని, ఆర్టీఓ చలాన్ అని, బ్యాంక్ కేవైసీ అని, చివరికి పెళ్లి పత్రిక అని కూడా వాట్సాప్‌లో ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది, అంటే అది ఫోన్‌లో కొత్త యాప్ ఎక్కించే ఫైలు. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, బ్యాంకు ఓటీపీలు వాళ్ల చేతికి పోయినట్టే. మన కాంటాక్టులందరికీ అదే ఫైలు మన పేరుతో వెళ్తుంది. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చింది కదా అని నమ్మేది అందుకే, మోసం నడిచేదీ అందుకే. ఏ ప్రభుత్వ పథకమూ వాట్సాప్‌లో ఏపీకే పంపదు. పెళ్లి పత్రిక ఫోటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాతే మిగతా పనులు.

వేరే యాప్‌కు మారాలా

సిగ్నల్‌ను లాభాపేక్ష లేని సంస్థ విరాళాలతో నడుపుతోంది. ప్రకటనలు లేవు. మన గురించి దాని దగ్గర ఉండే సమాచారం చాలా తక్కువ. నేసేవాళ్లతో డబ్బు లెక్కలు, ఇంటి సంగతులు నేను అందులోనే మాట్లాడతాను. కస్టమర్లను మాత్రం అక్కడికి రమ్మనలేను. మన దేశంలో వాట్సాప్ వాడేవాళ్లు 40 కోట్లకు పైమాటే, అందరూ ఒకే చోట ఉండటమే దాని బలం. కాబట్టి ఉన్నపళంగా మానేయమని చెప్పను. ఇంట్లో నలుగురితో సిగ్నల్ మొదలుపెట్టండి.

టెలిగ్రామ్ ఎక్కువ భద్రం అని ఒక నమ్మకం ఉంది. మామూలు చాట్‌లకు, గ్రూపులకు అందులో ఎండ్ టు ఎండ్ తాళం లేదు, సీక్రెట్ చాట్ అని విడిగా ఎంచుకుంటేనే ఉంటుంది. సినిమాలకు, ఎగ్జామ్ నోట్సులకు వాడుకోండి, సొంత విషయాలకు వద్దు. మన దేశపు కంపెనీ జోహో తెచ్చిన అరట్టైకి 2025లో ఒక్కసారిగా మంచి పేరు వచ్చింది. ఏ దేశపు యాప్ అయినా అడగాల్సిన ప్రశ్నలు రెండే: మెసేజ్‌కు మొదటినుంచి చివరిదాకా తాళం ఉందా, నడపడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది.

నాలాంటి చిన్న వ్యాపారులకు

కస్టమర్ చీర కట్టుకుని పంపిన ఫోటోను అడగకుండా స్టేటస్‌లో పెట్టకండి. అడిగి, సరే అన్నాకే పెట్టండి. ముఖం కత్తిరించి పెట్టమంటే అలాగే పెట్టండి. బతుకమ్మ రోజుల్లో ఇలాంటి ఫోటోలు చాలా వస్తాయి, పెడితే అమ్మకాలు పెరుగుతాయి కూడా. అయినా అడగాల్సిందే.

కస్టమర్లందరినీ కలిపి గ్రూపు పెట్టకండి. ఒకరి నంబర్ ఇంకొకరికి తెలిసిపోతుంది, పోటీ వ్యాపారి లోపలికి వచ్చి నంబర్లన్నీ ఎత్తుకుపోతాడు. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, ఎవరికి వాళ్లకు విడిగా వస్తుంది. నా దగ్గర పార్సిల్ కట్టే అమ్మాయికి అడ్రస్ కాగితం మీద రాసిస్తాను, స్క్రీన్‌షాట్ పంపను.

చట్టం ఇప్పుడు ఎక్కడుంది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో తేల్చింది. 2021లో వాట్సాప్ కొత్త పాలసీ తెచ్చి, ఒప్పుకుంటేనే వాడుకోండి అన్నట్టు పెట్టింది. దాని మీద, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటాకు 213 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్రకటనల కోసం వివరాలు పంచుకోవద్దని ఐదేళ్ల నిషేధం కూడా పెట్టింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 2025 నవంబర్‌లో ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, నిషేధాన్ని కొట్టేసింది. జరిమానా ఆ కంపెనీకి పెద్ద లెక్క కాదు, నిషేధం ఉండి ఉంటే మనకు మేలు జరిగేది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. దశలవారీగా అమల్లోకి వస్తాయి. మన సమాచారం ఎందుకు తీసుకున్నారు, తీసేయండి అని అడిగే హక్కు ఇందులో ఉంది.

ఈలోగా సెట్టింగ్స్, అకౌంట్‌లో రిక్వెస్ట్ అకౌంట్ ఇన్ఫో నొక్కండి. కొద్ది రోజుల్లో రిపోర్ట్ వస్తుంది. మెసేజ్‌లు ఉండవు గానీ, మీ కాంటాక్టుల నంబర్లు, గ్రూపుల పేర్లు, మీ సెట్టింగులు అందులో ఉంటాయి. ఒక్కసారైనా తెప్పించుకుని చదవండి.

ఫోన్ అమ్మేటప్పుడు, నంబర్ మారేటప్పుడు

యాప్ తీసేస్తే ఖాతా పోదు. నంబర్ మారుస్తుంటే పాత సిమ్ ఇంకా పనిచేస్తుండగానే సెట్టింగ్స్, అకౌంట్, చేంజ్ నంబర్ చేయండి. ఆగిపోయిన నంబర్‌ను టెలికాం కంపెనీలు తొంభై రోజుల తర్వాత ఇంకొకరికి ఇస్తాయి. అప్పుడు ఆ కొత్త మనిషి మన గ్రూపుల్లో కనపడే అవకాశం ఉంది. వాట్సాప్ పూర్తిగా వద్దనుకుంటే అక్కడే డిలీట్ మై అకౌంట్ ఉంది. నొక్కాక కంపెనీ దగ్గరున్న సమాచారం తుడిచేయడానికి తొంభై రోజుల దాకా పడుతుంది. ఫోన్ అమ్మితే ముందు బ్యాకప్, తర్వాత ఫోన్‌లోని గూగుల్ ఖాతా లాగౌట్, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్. అమ్మే షాపులో "మేమే రీసెట్ చేస్తాంలే" అంటే ఒప్పుకోకండి, మీ చేతులతో చేసి, ఖాళీ అయిన తెర చూశాకే ఫోన్ వాళ్ల చేతికి ఇవ్వండి.